దాచిపెట్టారట!

చరిత్రలో ఎవరూ పట్టించుకోని అధ్యాయాలను సామాన్యుల దగ్గరికి చేర్చే మహత్కార్యం ఇప్పుడు వీడియో కార్యక్రమాల్లో ఒకే ఒక్క వాక్యం మీద నడుస్తోంది: ‘చరిత్రకారులు మీ నుంచి దాచిన నిజం!’ ఆ వాక్యం వినబడగానే వెనుక నగారా మోగాలి, మసకబారిన ఫోటోలో ఏమీ లేని చోటును ఎర్ర బాణం గుర్తు చూపించాలి. జీవితమంతా శిథిలమైన రాతప్రతుల మీద వంగి, చదివి, అచ్చువేయించి, ఎవరైనా కొనకపోతారా అని ఎదురుచూసిన పండితులు ఇంత పకడ్బందీగా కుట్ర చేయగలరని పాపం వాళ్ల ఇంట్లోవాళ్లకే తెలియదు.

ఉదాహరణకు ఈజిప్టును తీసుకుందాం. క్రీ.పూ. 1157 ప్రాంతంలో, మూడవ రామ్సెస్ ఏలుబడి 29వ ఏట, దేర్ ఎల్ మెదీనా అనే ఊళ్లో రాజసమాధులు తొలిచే పనివాళ్లు, కూలి కింద రావలసిన ధాన్యం నెలలో 18 రోజులు గడిచినా అందకపోయేసరికి, పని ఆపేసి, శ్మశానవాటిక గోడలు దాటి వచ్చి ఆలయం వెనుక బైఠాయించారు. ఆధారం దొరికిన సమ్మెల్లో ఇదే మొదటిదంటారు. దాన్ని నమోదు చేసిన పత్రం ఇటలీలోని టూరిన్ మ్యూజియంలో భద్రంగా ఉంది, అనువాదాలు ఎన్నడో అచ్చయ్యాయి. దాచిపెట్టడమంటే ఇదే కాబోలు.

ఈ సమ్మెను జనానికి ‘అందుబాటులోకి’ తెచ్చే విధానం చూడండి. తోలు జాకెట్టు వేసుకున్న వ్యాఖ్యాత, స్టూడియో నిండా దీపాలున్నా, చేతిలో కాగడాతో ప్రవేశిస్తాడు. అతని వెనుక గీజా పిరమిడ్లు దర్శనమిస్తాయి. అవి ఈ సమ్మెకు పదమూడు వందల ఏళ్లకు పైగా ముందు, వందల కిలోమీటర్ల అవతల కట్టినవన్న చిన్న ఇబ్బంది ఆయన్ను బాధించదు. ఒక మమ్మీ కళ్లు తెరుస్తుంది. అది కళ్లు మూసుకున్నాక ఒక ఆన్‌లైన్ ఆట ప్రకటన వస్తుంది. గ్రహాంతరవాసులు వచ్చారా లేదా అన్న విషయంలో వ్యాఖ్యాత నిష్పక్షపాతంగా ఉంటాడు, నిర్ణయం మనకే వదిలేస్తాడు. ఇదంతా అయ్యాక పనివాళ్లు వస్తారు, కొరడా దెబ్బలు తింటూ. నిజానికి వాళ్లు బానిసలు కారు; సొంత గుమ్మమున్న శిల్పులు, చిత్రకారులు, కొందరు చదవడం రాయడం వచ్చినవాళ్లు. కానీ వీపున వాత లేని శ్రామికుణ్ణి ప్రేక్షకుడు గుర్తుపట్టలేడని నిర్మాత అభిప్రాయం. ధాన్యం ఎందుకు ఆగిందన్నది వచ్చే భాగంలో చెబుతారు. ఆ భాగం ఇంతవరకు రాలేదు.

ఆ పత్రంలో పనివాళ్లు చెప్పుకున్నది సూటిగా ఉంది. ఆకలికీ దాహానికీ తాళలేక వచ్చాం, కట్టుకోవడానికి బట్టల్లేవు, ఒంటికి నూనె లేదు, చేపల్లేవు, కూరగాయల్లేవు, ఈ సంగతి రాజు ఫరోకు తెలియజేయండి అన్నారు. అధికారులు బకాయి కొంత ఇచ్చారు, మళ్లీ ఆలస్యం చేశారు, వాళ్లు మళ్లీ పని ఆపారు. ఇందులో అర్థం కానిదేముంది? కూలి అందక అప్పు చేసిన మనిషి ఎవరైనా నగారా మోతతో పనిలేకుండా గ్రహిస్తాడు. మూడు వేల ఏళ్లు దాటి మన దాకా వచ్చిన ఆ నోటి మాటను తీసేసి, దాని చోట మమ్మీని పెట్టడం చరిత్రను సులభం చేయడం కాదు, ఆకలితో వచ్చి కూర్చున్నవాళ్లను రెండోసారి గెంటెయ్యడం.

కరీబియన్ సముద్రంలో ఒకప్పటి ఫ్రెంచి వలస అయిన హైతీ సంగతీ అంతే. బానిసలు తిరగబడి, ఫ్రెంచి సైన్యాన్ని ఓడించి, 1804లో స్వతంత్రులయ్యారు. 1825లో ఫ్రాన్సు రాజు పదో చార్లెస్ యుద్ధనౌకలు పంపి, మీరు విముక్తులవడం వల్ల మీ యజమానులకు నష్టం వచ్చింది, 15 కోట్ల ఫ్రాంకులు కట్టండి అన్నాడు. తరవాత మొత్తాన్ని తగ్గించినా, దాన్ని కట్టడానికి చేసిన అప్పులు 1947 దాకా తీరలేదు. తమ శరీరాలకు తామే వెల చెల్లించిన జనం వాళ్లు, అదీ తరతరాలుగా! ఇందులో రహస్యమేమీ లేదు. రాజు బహిరంగంగా ఇచ్చిన ఉత్తర్వు అది, సిగ్గు లేకుండా సంతకం చేసి మరీ.

హైతీ మీదా మన కాగడా వ్యాఖ్యాత ఒక కార్యక్రమం చేశాడు. అందులో ఫ్రాంకుల ప్రసక్తి లేదు. విషయం, శవాలను లేపే మంత్రగాళ్లు.