ఫ్రిజ్ మీది ట్యూబు గారికి

మహారాజశ్రీ దురద క్రీమ్ ట్యూబు గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం గోక్కుంటూ క్షేమం. తమరు ఫ్రిజ్ మీద తలనొప్పి బామ్‌కీ కరెంటు బిల్లుకీ మధ్య క్షేమమని తలుస్తాను.

తమరు మా ఇంట అడుగుపెట్టింది మావాడి మోచేతి మడతల్లో ఎగ్జిమా కోసం, అంటే చర్మం ఎర్రబడి గరుకై దురదపెట్టే జబ్బు. మందుల షాపాయన చీటీ అడగలేదు. "ఇది రాయండి, రెండ్రోజుల్లో మాయం" అన్నాడు. తమరిది స్టిరాయిడ్ క్రీముల జాతి. ఆ జాతిలో 14 రకాలను చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలో చేర్చింది. ఆ ఉత్తర్వు ఢిల్లీలో బయల్దేరింది గానీ మా వీధికి ఇంకా చేరలేదు.

రెండ్రోజుల్లో నిజంగానే మాయమైంది. అదే మా కొంప ముంచింది. ఆ రోజు నుంచి తమరు మా ఇంటి దేవుడు. దోమ కుట్టినా మా అత్తగారు తమరినే తలుచుకునేది. మా మరదలు మొహానికి పూసుకుని తెల్లబడ్డానని మురిసింది. మూడు నెలలకు మొహమంతా ఎరుపు, మొటిమలు, గడ్డం దగ్గర నూగు. మానేస్తే మంట, రాస్తే ఇంకా ఎరుపు.

మా బావమరిది గజ్జల్లో తామరకు తమరినే రాసుకున్నాడు. అతగాడి సంగతికొస్తే, తప్పు కొంత మన తెలుగుది కూడా. చెరువులో పూసేదీ తామరే, గజ్జల్లో గుండ్రంగా పాకే ఫంగసూ తామరే, మావాడి ఎగ్జిమానూ చాలామంది తామరే అంటారు. మొదటిదాన్ని వదిలేయండి. మూడోదానికి తమరు మందు, రెండోదానికి మేత! పేరుకు ఫంగస్ మందు కూడా తమరిలో కలిపారు. కానీ లోపలున్న స్టిరాయిడ్ ఒంటి కాపలావాణ్ణి నిద్రపుచ్చాక దొంగకు అడ్డేముంది? పైకి ఎరుపు తగ్గింది, కింద తొడల దాకా పాకింది. చివరికి డాక్టరమ్మ కాస్త చర్మం గీకి మైక్రోస్కోపులో చూస్తే గానీ అదేమిటో తేలలేదు.

ఆవిడే తమరి అట్ట పెట్టె మీది చిన్న అక్షరాలు చదివి వినిపించింది. క్లోబెటసాల్ అట. తమరి వంశంలో పహిల్వాన్. పెద్దవాళ్ళకైనా వరసగా రెండు వారాలు మించకూడదు, వారానికి 50 గ్రాములు దాటకూడదు. తమరు మా ఇంట్లో రెండు సంక్రాంతులు చూశారు.

మావాడి మోచేతులకు మొమెటాసోన్, బుగ్గ మీది మచ్చకు హైడ్రోకార్టిసోన్ రాసిచ్చింది. రెండూ తమరికన్నా బలం తక్కువ స్టిరాయిడ్ క్రీములే. ఇక్కడ కథ అడ్డం తిరిగింది. "స్టిరాయిడా! పసివాడికా!" అని అత్తగారు గుండె బాదుకుంది. దోమ కాటుకు పహిల్వాన్‌ని దింపిన మనిషే! మినపగింజంత తీసి తిలకం దిద్దినట్టు అద్దేది. వాడు రాత్రంతా గోకి దుప్పటికి నెత్తురు చేసేవాడు.

మళ్ళీ వెళ్ళాం. డాక్టరమ్మ నా చూపుడు వేలు పట్టుకుని కొస నుంచి మొదటి గీత దాకా క్రీమ్ పిండింది. అర గ్రాము. వేళ్ళతో సహా పెద్దవాళ్ళ రెండు అరచేతులంత మేరకు అది సరిపోతుందట. రోజుకోసారి, ఎరుపూ గరుకూ పోయేదాకా, దాచుకోకుండా రాయమంది. తగ్గాక ఆపి, మళ్ళీ మళ్ళీ వచ్చే చోట మాత్రం వారానికి రెండు రోజులు. మాయిశ్చరైజర్ మటుకు తగ్గినా మానొద్దంది. కనురెప్పల జోలికి సొంతంగా పోతే కంట్లో ఒత్తిడి పెరగొచ్చని, శుక్లాలు రావొచ్చని హెచ్చరించింది. పది రోజులకు మావాడు తెల్లారేదాకా నిద్రపోయాడు. మేమూ పోయాం.

కాబట్టి తమరి మీద నాకు పగ లేదు. మావాడికి నిద్ర తెచ్చింది కూడా తమరి బంధువులే కదా. పేరూ బలమూ తెలుసుకోకుండా తమరిని కొంపకు పిలిచింది మేమే. అయినా నిన్న రాత్రి తమరిని చెత్తబుట్టలో వేశాను, క్షమించాలి. పొద్దున చూస్తే బుట్టలో లేరు. అత్తగారు మోకాలు గోక్కోవడం మానేసింది. ఎక్కడున్నారో తిరుగుటపాలో తెలుపగలరు.

ఇట్లు,
తమరి మాజీ భక్తుడు