మొగుడి బరువుకు ఇల్లాలి వంటింట్లో మందుందా? ఒక ఫార్వర్డ్‌కు జవాబు

ఈ మధ్య మా బంధువుల గ్రూపుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక వాట్సాప్ ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "బరువు తగ్గే ఆపరేషన్ బద్ధకస్తుల షార్ట్‌కట్. నోరు కట్టుకుని రోజూ నడిస్తే ఎవరైనా తగ్గుతారు. కడుపు కోయించుకున్నవాడు బతికి బట్టకట్టడం కష్టం, బతికినా జన్మంతా గంజే గతి. పైగా బరువు తిరిగొస్తుంది, కాపురమూ చెడుతుంది. మొగుడి మీద ప్రేమున్న ఇల్లాలు అతన్ని కత్తి కిందకు పంపదు, తన వంటింట్లోనే బాగు చేసుకుంటుంది." కింద దండం పెడుతున్న చేతుల బొమ్మ.

మా ఆయన ఈ ఆపరేషన్ గురించి ఆలోచిస్తున్నారు. ఎత్తును బట్టి బరువును లెక్కకట్టే బీఎంఐ 39. షుగరు, బీపీ, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు (స్లీప్ ఆప్నియా) ఉన్నాయి. సంగతి తెలిసినవాళ్ళందరూ ఈ ఫార్వర్డ్ పంపారు. ఆయనకు కాదు, నాకు. అందుకే జవాబు నేనే రాస్తున్నాను.

"నోరు కట్టుకుని నడిస్తే చాలు." విశాఖలో ఈ మాట అనేవాళ్ళు వెంటనే బీచ్ రోడ్డును చూపిస్తారు. పొద్దున్నే బళ్ళు ఆపేసి మరీ రోడ్డును నడిచేవాళ్ళకు వదులుతున్నారు, ఇంకేం కావాలి అని. ఆయన నడుస్తారు, మోకాళ్ళు ఒప్పుకున్నన్ని రోజులు. నడక షుగరుకు మంచిది, గుండెకు మంచిది, ఆపరేషన్ చేయించుకున్నా మానకూడనిది. కానీ అంత బరువున్న మనిషి గంటసేపు నడిస్తే ఖర్చయ్యేది ఇంచుమించు ఒక ప్లేటు పూరీకూరకు సరిపోయే శక్తి. దాంతోనే ముప్పై నలభై కిలోలు దిగి, ఏళ్ళ తరబడి అక్కడే నిలబడగలిగేవాళ్ళు చాలా తక్కువ.

దానికి బద్ధకం కారణం కాదు. తగ్గిన బరువును వెనక్కి తెచ్చుకోవాలని శరీరమే చూస్తుంది. అమెరికాలో బరువు తగ్గే ఒక టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించి, ఫలితాలు 2016లో ప్రచురించారు. రోజుకు గంటల కొద్దీ చెమటోడ్చినవాళ్ళు వాళ్ళు. తగ్గిన బరువులో చాలా భాగం తిరిగి వచ్చేసింది. ఊరికే కూర్చున్నప్పుడు వాళ్ళ ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తి మాత్రం, ఉండాల్సిన దానికన్నా రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువగానే ఉండిపోయింది. అంటే పక్కింటాయన తిన్నంతే తిన్నా వీళ్ళు లావెక్కుతారు. దీనికి తోడు ఆకలి. జపాన్ శాస్త్రవేత్తలు 1999లో గుర్తించిన గ్రెలిన్ అనే ఆకలి హార్మోను ఎక్కువగా కడుపు పైభాగంలో తయారవుతుంది. తిండి తగ్గించి బరువు దిగినవాళ్ళలో అది పెరుగుతుంది. వాళ్ళకు నోరు కట్టుకోమని చెప్పడం తేలికే, కానీ ఆ ఆకలి మనకు తెలియదు కదా.

ఆపరేషన్ పనిచేసేది సరిగ్గా అక్కడే. స్లీవ్ పద్ధతిలో కడుపులో 75 నుంచి 80 శాతం తీసేస్తారు, గ్రెలిన్ తయారయ్యే పైభాగం కూడా అందులో పోతుంది. బైపాస్‌లో (గుండెకు చేసేది కాదు, కడుపుకు చేసేది) సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని మిగిల్చి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. పేగుల నుంచి వచ్చే హార్మోన్లు మారి, కొంచెం తినగానే కడుపు నిండినట్టు అనిపిస్తుంది. కొందరికి బరువు పెద్దగా దిగకముందే షుగరు తగ్గడం మొదలవుతుంది. షుగరు మందుల మోతాదును డాక్టరు వెంటవెంటనే సవరించాల్సి వస్తుంది, లేకపోతే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. పొట్ట మీది కొవ్వు పీల్చేసే లైపోసక్షన్ వేరు, ఇది వేరు. ఆ రెండింటినీ కలిపేసి మాట్లాడేవాళ్ళు మా గ్రూపులోనే బోలెడుమంది.

"ఇల్లాలి వంటింట్లోనే మందుంది." నాకు బాగా మండింది ఇక్కడే. మొగుడు సన్నగా ఉంటే "పాపం, తిండి పెట్టదు" అంటారు, లావుగా ఉంటే "మేపుతోంది" అంటారు. పక్క ఫ్లాటు పెద్దావిడ మొహం మీదే అడిగేశారు: "ఏటమ్మా, నువ్వు సరిగ్గా వండి పెడితే ఆ కోతలెందుకు?" ఆయన తినేదంతా నా చేతి వంట కాదు. నైట్ షిఫ్టులో క్యాంటీను ఉంది, ఫ్రెండ్స్‌తో బీచ్‌కి వెళ్తే మురీ మిక్స్చర్ బండి ఉంది, పెళ్ళిళ్ళలో కొసరి కొసరి వడ్డించే మన మర్యాద ఉంది. అవన్నీ పక్కన పెట్టినా, మనుషుల బరువుల్లో కనిపించే తేడాల్లో 40 నుంచి 70 శాతం వరకు వంశపారంపర్యం పాత్ర ఉందని కవలల మీద చేసిన అధ్యయనాలు చెబుతున్నాయి. నిద్ర చాలకపోవడం, షిఫ్టు డ్యూటీలు, కొన్ని మందులు కూడా తలా ఒక చెయ్యి వేస్తాయి. నేను వరి అన్నం మాన్పించి రాగి జావ పెట్టినంత మాత్రాన ఇవన్నీ సర్దుకోవు. పెళ్ళాన్ని పోలీసును చేసి పళ్ళెం పక్కన నిలబెడితే, మొగుడు దొంగచాటుగా తినడం నేర్చుకుంటాడు.

"బతికి బట్టకట్టడం కష్టం." ఇప్పుడు చాలావరకు ఈ ఆపరేషన్లు చిన్న రంధ్రాల ద్వారా చేస్తున్నారు. మొదటిసారి ఈ ఆపరేషన్ చేయించుకున్న 4,776 మందిని గమనించి అమెరికాలో 2009లో ఇచ్చిన ఫలితాల ప్రకారం, నెలలోపు చనిపోయినవాళ్ళు 0.3 శాతం. వెయ్యిమందిలో ముగ్గురు. ఆ ముగ్గురూ మనుషులే, కాబట్టి దాన్ని సున్నా అని నేను అనను. కుట్లు వేసిన చోట లీకు కావచ్చు, రక్తస్రావం కావచ్చు, కాళ్ళలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోవచ్చు. అందుకే ఆపరేషనైన కొన్ని గంటలకే లేపి నడిపిస్తారు. ఇంటికొచ్చాక గుండె దడదడలాడినా, జ్వరం వచ్చినా, కడుపునొప్పి ఎక్కువైనా తెల్లారేదాకా ఆగకూడదు.

అయితే ఫార్వర్డ్ రాసినవాళ్ళు త్రాసులో ఒక పళ్ళెమే చూశారు. ఊపిరి ఆగే నిద్ర, అదుపు తప్పిన షుగరు, గుండె మీద భారం, వీటితో ఇంకో ఇరవై ఏళ్ళు ఉండటంలోనూ ప్రమాదం ఉంది. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి నాలుగు వేల మందికి పైగా ఊబకాయుల్ని గమనించిన అధ్యయనం 2007లో తేల్చింది ఏమిటంటే, ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో మరణాలు మిగతావాళ్ళకన్నా దాదాపు నాలుగో వంతు తక్కువ.

"జన్మంతా గంజే." కాదు. మొదట్లో ద్రవాలు, తర్వాత మెత్తగా చేసినవి, కొన్ని వారాలకు మామూలు తిండి. చిన్న చిన్న ముద్దలు, బాగా నమిలి, తినేటప్పుడు నీళ్ళు తాగకుండా. అన్నం కన్నా ముందు గుడ్డో, చేపో, పప్పో తినాలి. జన్మంతా ఉండేవి విటమిన్లు: బీ12, ఐరన్, కాల్షియం, డీ. ఏటా రక్తపరీక్షలు. కొన్ని నెలలు జుట్టు రాలుతుంది, చాలామందికి తిరిగి వస్తుంది. బైపాస్ తర్వాత మద్యం త్వరగా తలకెక్కుతుంది కాబట్టి పార్టీల సంగతి ముందే తేల్చుకోవాలి. ఇంట్లోవాళ్ళకు అసలు పని "ఇంకో ముద్ద" అనకుండా ఉండటం. మా అత్తయ్యకు ఇది కష్టమే.

"బరువు తిరిగొస్తుంది." ఇందులో కొంత నిజముంది. కొందరికి కొంత తిరిగి వస్తుంది. ఆ స్వీడన్ అధ్యయనంలోనే 15 ఏళ్ళ తర్వాత బైపాస్ చేయించుకున్నవాళ్ళు సగటున 27 శాతం తక్కువ బరువుతో ఉన్నారు, ఆపరేషన్ లేనివాళ్ళ సగటు దాదాపు ఎక్కడున్నది అక్కడే. స్లీవ్ తర్వాత కొందరికి గుండెల్లో మంట మొదలవుతుంది, ముందే ఆ బాధ ఉన్నవాళ్ళు బైపాస్ గురించి అడగాలి. బరువు తగ్గించే ఇంజెక్షన్లు ఉన్నాయి కదా అంటారా? ఉన్నాయి. వాటిలో ఒకటైన మౌంజారో 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చింది. ఆయన వాటి గురించీ డాక్టర్ని అడిగారు. ఆ రకం మందులు మానేస్తే బరువు చాలామందికి తిరిగి వస్తుంది, ఖర్చు నెలనెలా ఉంటుంది. అవి కొందరికి సరిపోతాయి. ఫార్వర్డ్‌లో మాత్రం వాటి ఊసే లేదు.

"కాపురం చెడుతుంది." దీనిమీదా స్వీడన్ వాళ్ళే 2018లో ఒక పరిశోధన ప్రచురించారు. అంతకుముందే జంటగా ఉన్నవాళ్ళలో ఆపరేషన్ తర్వాత విడిపోవడాలు, ఆపరేషన్ లేనివాళ్ళతో పోలిస్తే ఎక్కువే. ఒంటరిగా ఉన్నవాళ్ళలో పెళ్ళిళ్ళూ ఎక్కువే. ఎక్కువమంది జంటలు మాత్రం కలిసే ఉన్నారు. నా ఉద్దేశంలో, ఒకరి బరువు మీద నిలబడిన కాపురమైతే దాని కథ ఆపరేషన్ థియేటర్‌లో మొదలవ్వదు.

చివరిది, "ప్రేముంటే ఆపాలి." ఆపడమూ కాదు, తోయడమూ కాదు. కడుపు ఆయనది, సంతకమూ ఆయనదే. ఒకచోట కౌన్సెలర్ "ఈ నెలాఖరుదాకే డిస్కౌంట్ మేడమ్, మీరే ఒప్పించాలి" అన్నారు. నేను ఒప్పించను, ఆ చోటికి మళ్ళీ వెళ్ళం. అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 35 దాటితే ఆపరేషన్ సూచించవచ్చు, ఆసియావాళ్ళకు 27.5 నుంచే. సూచించవచ్చు అంటే చేయించుకోవాల్సిందే అని కాదు.

నా వంతు పనులు వేరే ఉన్నాయి. ఇన్సూరెన్స్ కాగితాలు చదవడం ఒకటి. పాలసీల్లో ఉండే ప్రామాణిక షరతు ప్రకారం బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని షుగరు, గుండెజబ్బు లాంటిది ఉండాలి, మిగతా పద్ధతులు ఫలించి ఉండకూడదు. మాది రెండో కోవలోకి వస్తుంది కాబట్టి స్లీప్ స్టడీ రిపోర్టు, పాత డైట్ చీటీలు ఒక ఫైల్లో పెట్టాను. ఆరిలోవ హెల్త్ సిటీలో సర్జన్‌ని కలిసేటప్పుడు అడగాల్సినవి ఆయనే రాసుకున్నారు: మీరు స్వయంగా ఎన్ని చేశారు, లీకైతే రాత్రి పూట ఎవరుంటారు, డైటీషియన్ ఎన్నాళ్ళు చూస్తారు, నాకు స్లీవా బైపాసా, ఎందుకు. ఆ గదిలో నేను పక్క కుర్చీలో కూర్చుని జవాబులు రాసుకుంటాను. ఆయన ఇంకా అవునని అనలేదు, కాదనీ అనలేదు.