పునాది పడని ఇంటికి చెమ్మ

కట్టని ఇళ్లలో దీపాలు వెలిగించడం మా ఉద్యోగం. బిల్డరు ప్లాను ఇస్తాడు, మేము కంప్యూటర్‌లో ఫ్లాటు కట్టి కొనేవాళ్లను అందులో తిప్పుతాం. వెలుతురు ఏ గోడను తాకి ఎటు చెదురుతుందో అప్పటికప్పుడు తేల్చడం కష్టం. అందుకే రాత్రంతా మెషీన్ల చేత లెక్క వేయించి (దీన్నే బేక్ చేయడం అంటాం), ఏ గోడ ముక్క మీద ఎంత వెలుతురో చెప్పే బొమ్మలుగా, అంటే లైట్‌మ్యాప్‌లుగా, దాచుకుంటాం. 1996 నాటి క్వేక్ అనే కంప్యూటర్ ఆటలోనూ ఇదే కిటుకు.

చిక్కల్లా సైజుతోనే. 2048×2048 పిక్సెళ్ల లైట్‌మ్యాప్ మా లెక్కన ఒక్కోటి 32 మెగాబైట్లు. మా ప్రోగ్రామర్ కుర్రాడికి మెగాబైటు కనిపిస్తే చాలు, చేతులు దురద పెడతాయి. సేల్స్ ఆఫీసు కంప్యూటరు పాతదంటూ అన్నింటినీ బీసీ1 అనే, బొమ్మల సైజు తగ్గించే పద్ధతిలో కుదించి, ఒక్కోటి 2 మెగాబైట్లకు దించాడు. ఆ సాయంత్రం అందరికీ కాఫీ కూడా ఇప్పించాడు. అప్పుడే అనుమానించాల్సింది.

మర్నాడు ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారు భార్యతో వచ్చారు. హాలు నచ్చింది, బాల్కనీ నచ్చింది. పడకగదిలోకి రాగానే ఆవిడ ఆగిపోయారు.

"ఏమండీ, ఆ గోడ చూశారా? చెమ్మ!"

నిజమే. సాయంకాలపు మసక వెలుతురు పడాల్సిన తెల్లగోడ మీద ఒకచోట ఆకుపచ్చ, మరోచోట గులాబీ మరకలు.

"పైవాళ్ల బాత్రూము కారుతోందా అమ్మా?" అని ఆయన సేల్స్ అమ్మాయిని అడిగారు.

"పై అంతస్తు ఇంకా కట్టలేదు సార్."

"మరి ఇది?"

"ఇదీ కట్టలేదు సార్."

"కట్టకముందే ఇలా ఉంటే, కట్టాక ఎలా ఉంటుంది?"

సంగతి చెవిన పడగానే బిల్డరు, అలవాటు కొద్దీ, వాటర్‌ప్రూఫింగ్ మేస్త్రీకి ఫోన్ చేశాడు. మా మేనేజరు మానిటర్ మార్పించాడు. నా చేత ఇల్లంతా మళ్లీ బేక్ చేయించాడు. మరకలు మాత్రం చెక్కుచెదరలేదు.

నేరం బీసీ1ది. అది బొమ్మను 4×4 పిక్సెళ్ల గడులుగా కోసి, గడికి 8 బైట్లే ఇస్తుంది. అందులో దాచేది రెండు రంగులు. ఆ రెంటి మధ్య మరో రెండు ఊహించుకుని, 16 పిక్సెళ్లనూ ఆ నాలుగింటితో సర్దుకోమంటుంది. పైగా ఎరుపుకు 5 బిట్లు, నీలానికి 5, ఆకుపచ్చకు 6. కంటికి ఆకుపచ్చే బాగా ఆనుతుందని ఈ పక్షపాతం. పూల బొమ్మకైతే చెల్లుతుంది. బూడిద రంగు మెల్లగా చిక్కబడే గోడ మీద మూడు రంగులూ కలిసి అడుగు వేయలేవు. ఆకుపచ్చ ముందుకెళితే పాచి, వెనకబడితే గులాబీ.

అంతటితో పోలేదు. వంటింటి గోడకు ఎర్రటి జీర. పూజగదికీ వంటింటికీ మధ్య హాలంత దూరం ఉన్నా, లైట్‌మ్యాప్‌లో వాటి ముక్కలు ఒకే గడిలో ఇరుక్కున్నాయి. పూజగది ఎర్రబల్బు మీటరు లేకుండానే వంటింటికి కరెంటు ఇస్తోంది.

చివరికి ముక్కల మధ్య ఖాళీ వదిలి, అన్నింటినీ బీసీ6హెచ్ అనే మరో కుదింపు పద్ధతిలోకి మార్చాం. గడికి 16 బైట్లు, లైట్‌మ్యాప్‌కు 4 మెగాబైట్లు. కుర్రాడు రెండు మెగాబైట్లు ఇంట్లోంచి తెచ్చి ఇస్తున్నంత బాధపడ్డాడు. గోడ మాత్రం కడిగిన ముత్యమైంది.

దంపతులు మళ్లీ వచ్చారు. ఆయన కళ్లజోడు సవరించుకుని గోడను పరకాయించి, "చెమ్మ కనబడకుండా రంగు కొట్టించారు. ఇలాంటివి బ్యాంకులో చాలా చూశాను" అన్నారు. చదరపు అడుగుకు 200 రూపాయలు తగ్గించమన్నారు.

బిల్డరు 100 తగ్గించాడు.