సీసా కొంటేనే బస్తా ఇస్తడట

ఇయ్యాల పొద్దున ఒక్క యూరియా బస్తా కోసం పోతే, దాంతోని ఒక నానో యూరియా సీసా (ఆకుల మీద కొట్టే నీళ్ల మందు), ఒక జింక్ ప్యాకెట్ అంటగట్టి పంపిండ్రు. "లింకు అన్నా, పైనుంచే గట్ల వస్తున్నది, మేమేం చేస్తం" అన్నడు కొట్టు పిల్లగాడు. 266 రూపాయల 50 పైసల బస్తా ఇంటికొచ్చేసరికి ఎంత పడ్డదో అడగకుండ్రి. బిల్లు మాత్రం బస్తాకే కొట్టిండు. మీటింగుల సర్కారు సారేమో రైతులే యూరియా ఎక్కువ వాడి నేల చెడగొడుతున్నరన్నడు.

మక్క మోకాలెత్తు దాటింది, పై మందుగ యూరియా పడాలె. మొన్నటి దాక చుక్క వాన లేదు, ఇప్పుడేమో ఆగుతలేదు. ఎర్రచెల్కల గీ వానకు యూరియా చల్లుడంటే పైసలు వాగుల పోసుడే. ఎండ కొడితే కొంత అమ్మోనియా అయి గాలిల కలుస్తది, మిగిలింది నైట్రేట్ అయి నీళ్లతోని వేర్ల కిందికి జారుతది. మక్కకు నత్రజని గట్టిగ కావాల్సింది ఇప్పటి నుంచి పీచు వచ్చే దాక. అప్పటికి నేలల ఏముంటది? కింది ఆకులు చూడుండ్రి, కొస నుంచి నడిమి ఈనె పొంట పసుపు పారుతది. గది కనబడ్డంక ఎన్ని బస్తాలు గుమ్మరించినా కంకి పూర్తిగ నిండుడు కష్టం.

అందుకే మెల్లమెల్లగ కరిగే మందు కావాలె అంటున్నం. లేదా అంటే ఉన్నది! గంధకం పూత వేసిన యూరియా, పేరు యూరియా గోల్డ్, 2023 జులైల రాజస్థాన్‌లోని సీకర్‌ల ప్రధాని చేతుల మీదుగ విడుదలైంది. 37 శాతం నత్రజని, 17 శాతం గంధకం, 40 కిలోల బస్తా, రేటు మామూలు దానిదే. నేను అడిగితే "గోల్డా? ఎదురుంగ జువెలరీ షాపున్నది సూడు" అని కొట్టంత నవ్వు.

మామూలు యూరియాకు వేప నూనె పూత ఉన్నది కదా అంటరు. ఉన్నది, 2015 నుంచి అంతా వేప పూతనే. నైట్రేట్‌గ మారుడు కొంచెం ఆలస్యం చేస్తది, కాదంటలేను. గానీ అప్పుడు సర్కారు సార్లు గొంతు చించుకొని చెప్పిందేంది? సబ్సిడీ యూరియా ప్లైవుడ్ ఫ్యాక్టరీలకు పోకుండ ఆపుతం అని. మక్క చేను యాదికొచ్చింది తర్వాత.

2018ల బస్తా 50 కిలోల నుంచి 45 చేసిండ్రు. రైతుకు కిలోలు తెల్వయి, బస్తాల లెక్కనే చల్లుతడు, గట్లన్న తక్కువ వాడుతడని. ఎంత తెలివి! సార్ల జీతంల పదో వంతు కోసి సూడుండ్రి, వాళ్లు కూడ పొదుపు నేర్చుకుంటరేమో.

ఇగ ఈ నానో సీసా. 2021ల వచ్చినప్పుడు అర లీటర్, 4 శాతం నత్రజని. అంటే 20 గ్రాములు. బస్తాల ఉండేది 20 కిలోల పైన. రెండూ సమానమట! తర్వాత శాతం పెంచిండ్రు, పెంచినా లెక్క గ్రాములల్లనే. పైగ మక్క నెత్తి దాటినంక గూడ పంపు వీపుకేసుకొని అండ్ల తిరుగుమంటరు. ఆ ఆకు అంచుకు చెంపలు కోసుకుపోతయి, చెమట పడితే మంట. ఒక్క సాలు నడిచి రమ్మనుండ్రి మీటింగుల మాట్లాడిన సార్‌ను. ఆయన చెప్పింది ఒక్కటే, "రైతులు యూరియా ఎక్కువ వాడుతున్నరు, నేల చెడిపోతున్నది." ఎందుకు వాడుతున్నం సార్? 2010ల ఎరువుల పోషకాలను బట్టి ఇచ్చే సబ్సిడీ తెచ్చి, యూరియాను మాత్రం దాని బయట పెట్టి చౌకగ ఉంచింది మేమా? డీఏపీ బస్తా 1350, పొటాష్ ముట్టుకుంటే కాలుతది, చౌకగ దొరికేది ఇదొక్కటే.

నేల గురించి మాట్లాడొద్దు అసలు. మట్టి పరీక్ష చేసినమని భూసార కార్డులు ఇచ్చిండ్రు కదా. వాన మీద పండే భూములల్ల 10 హెక్టార్లకు ఒక్క శాంపిల్, అంటే ఇర్వై ఐదెకరాలకు. మా దిక్కు ఇర్వై ఐదెకరాలల్ల చెల్క ఉంటది, రేగడి ఉంటది, చౌడు ఉంటది. మా చేన్ల మట్టి తీసినోళ్లను నేనైతే చూడలే, కార్డు మీద మాత్రం నా పేరు సక్కగ ముద్ర కొట్టున్నది. పక్కోని కార్డు తెచ్చి చూస్తే అవే అంకెలు. ఆయనది వరి పొలం, నాది చెల్క!

కింద "రసాయనాలు మానేసి పశువుల పెంట వేయండి బ్రదర్" అని కామెంట్ పెట్టేటోళ్లు, ట్రాక్టర్ పెంట ఎక్కడ దొరుకుతదో ఆ ఊరి పేరు, రేటు కూడ పెట్టుండ్రి. బర్లు అమ్ముకున్నోళ్లే సగం ఊరున్నరు మా దగ్గర.