పోతుదూడ ఆకలి మన లెక్కలోకి రాదా?

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో గేదెజాతి పశువులు దాదాపు 11 కోట్లు. వాటిలో ఆడవి 10 కోట్ల పైచిలుకు. మగవి కోటి కూడా లేవు. 2012 లెక్కతో పోలిస్తే మగవాటి సంఖ్య 40 శాతానికి పైగా పడిపోయింది. పుట్టేటప్పుడు ఆడా మగా ఇంచుమించు సమానంగానే పుడతాయి. మరి ఆ పోతుదూడలన్నీ ఏమైనట్టు?

మాంసానికి పోయాయని కొందరంటారు. కొన్ని పోతాయి, కాదనను. గేదెమాంసం ఎగుమతిలో మన దేశం ముందు వరసలోనే ఉంది. కానీ కబేళాకు పోవాలన్నా ముందు దూడ పెరగాలి. మన పల్లెల్లో చాలా పోతుదూడలు అంతదాకా రావు. పుట్టిన నెలా రెండు నెలల్లోనే కొట్టంలో ఓ మూల డొక్కలు ఎండి చచ్చిపోతాయి. వాటిని ఎవరూ చంపరు. పాలు వదలరు, అంతే.

పాడి ఉన్న ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. దున్నలతో పొలం దమ్ము చేసిన రోజుల్లో పోతుదూడకూ ఓ విలువ ఉండేది. ట్రాక్టరు వచ్చి దమ్ము తీసుకుంది, దున్నపోతుతో పని లేకుండా గేదెను చూడి కట్టించే ఎద సూది వచ్చి మిగిలిన పనీ తీసుకుంది. ఇక ఆ దూడతో అవసరం ఒక్కటే మిగిలింది: గేదె చేపడం, అంటే పొదుగులోకి పాలు దింపడం. రెండు గుక్కలు తాగనిస్తారు. తల్లి చేపగానే, మూతి మీద నురగ ఆరకముందే, తలుగు పట్టి లాగి ముందుకాలి దగ్గర కట్టేస్తారు. తల్లి దాని వీపు నాకుతూ ఉంటుంది, పాలు బకెట్‌లోకి దిగుతూ ఉంటాయి. పితకడం అయ్యాక విడిచిపెడితే ఆ దూడ వట్టి పొదుగును తలతో కుమ్మి కుమ్మి అలిసిపోతుంది.

అది చచ్చిపోతే గేదె చేపదు. అప్పుడు దూడ తోలులో గడ్డి కూర్చి ముందు నిలబెడతారు, లేదా పాలు దిగేలా చేసే ఆక్సిటోసిన్ సూది వేస్తారు. పూటకో సూది. సూదుల మీద మనం గగ్గోలు పెడతాం గానీ, చాలాచోట్ల ఆ సూది చచ్చిన దూడ స్థానంలో వచ్చిందన్న సంగతి వదిలేస్తాం. ఈ వాడకాన్ని అరికట్టాలని 2018లో ఆక్సిటోసిన్ తయారీని ఒక్క ప్రభుత్వ సంస్థకే పరిమితం చేయాలని కేంద్రం చూసింది. కానీ కాన్పులో రక్తస్రావం ఆపడానికి తల్లులకు కావాల్సిన మందు కూడా అదే. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. వ్యవహారం సుప్రీంకోర్టుకెళ్లింది. మందు మీద ఇంత పోరాటం జరిగింది. దూడ బతికితే చాలాచోట్ల ఆ సూది అవసరమే రాదన్న మాట మాత్రం ఎవరూ గట్టిగా ఎత్తలేదు.

రైతు వాదన నాకు తెలుసు. రూపాయి తిరిగిరాని దూడకు రోజూ లీటరో రెండు లీటర్లో వదిలితే, రెండు గేదెల మీద బతికే ఇల్లు ఎలా గడుస్తుంది? న్యాయమైన ప్రశ్నే. అందుకే రైతును బోనులో నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. పాలు మానేయమని చెప్పేవాళ్ల మాటతోనూ నాకు పేచీ ఉంది. గేదె తప్ప మరో ఆస్తి లేని ఇంటికి ఆ మాట ఏ దారీ చూపదు. నేను అడిగేది కొనేవాళ్లను. ముందుగా జున్ను సంగతే అడుగుతాను.

మనుషుల్లో తల్లి కడుపులో ఉండగానే బిడ్డకు కొంత రోగనిరోధక శక్తి అందుతుంది. గేదెకూ ఆవుకూ ఆ ఏర్పాటు లేదు. దూడ దాదాపు వట్టి చేతులతో పుడుతుంది. దానికి రక్షణ అంతా ఈనగానే వచ్చే ముర్రుపాల నుంచే, అంటే మనం జున్ను వండుకునే పాల నుంచే రావాలి. పేగులు ఆ రక్షణను పీల్చుకోగలిగేది సుమారు మొదటి 24 గంటలే, అందులోనూ తొలి గంటలు మరీ కీలకం. దూడ బరువులో పదో వంతు ముర్రుపాలు తొలిరోజే పట్టించాలని పశువైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. 30 కిలోల దూడకు మూడు లీటర్లు. మరునాడు ఎన్ని పట్టినా, మొదటి రోజు పోయింది పోయినట్టే.

మరి మనం ఏ పాలు అడుగుతున్నాం? ‘మొదటి పూటవేనా?’ అని అడిగి మరీ కొంటున్నాం. తొలిపూట పాలైతే మామూలు పాలు కలిపినా గట్టిగా గడ్డకడతాయి, బెల్లం, మిరియాలపొడి, యాలకులు వేసి ఆవిరి పడితే ముక్కలు కోసుకోవచ్చు. నాలుగో రోజువైతే అంత బాగా రాదు. అందుకే తొలిపూట సీసాకు ధర ఎక్కువ. వెనకటికి గేదె ఈనితే దూడ తాగగా మిగిలింది ఇరుగూపొరుగూ పంచుకునేవారు. దానికి నాకు అభ్యంతరం లేదు, బాగా ఇచ్చే గేదెకు దూడ తాగలేనన్ని పాలుంటాయి. కానీ ఇప్పుడు హైదరాబాద్, విజయవాడల్లో జున్నుపాలు ముందే బుక్ చేసుకునే సరుకు. లీటరుకు మామూలు పాలకు రెండింతలు మూడింతలు వస్తుంటే పోతుదూడకు ఎవరు వదులుతారు? ఇక్కడ దూడ తిండికి ధర కట్టింది రైతు కాదు, మనం.

పాల విషయంలో మన అనుమానాలన్నీ మన ఒంటి గురించే. నీళ్లు కలిపారా, యూరియా కలిపారా, అందులోని ప్రోటీన్ రకం ఏ1నా ఏ2నా? 2024 ఆగస్టులో ఏ1, ఏ2 ముద్రలు తీసేయమన్న ఆహార భద్రతా సంస్థ అయిదు రోజులకే ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంటే దేశమంతా చర్చ జరిగింది. ప్యాకెట్ మీద వెన్నశాతం ఉంటుంది, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు) ఉంటుంది, విటమిన్లు ఉంటాయి. ఈ పాలిచ్చిన గేదె దూడ బతికుందా అన్నది ఎక్కడా ఉండదు.

అసలు జబ్బు అక్కడుంది. పాలకేంద్రంలో యంత్రం వెన్నను కొలుస్తుంది, రైతుకు డబ్బు దాన్నిబట్టే వస్తుంది. కొలవనిదానికి ధర రాదు, ధర రానిదాన్ని ఎవరూ చూసుకోలేరు. పాడి ఒక్కదాంట్లోనే కాదు, పట్నానికి చవగ్గా తిండి పెట్టడమే లక్ష్యంగా నడిచే మన వ్యవసాయ విధానమంతా ఇదే తీరు. పంటచేను రసాయనాలతో నిస్సారమైతే బియ్యం బస్తా ధరలో అది కనిపించదు. కౌలురైతు అప్పు కూరగాయల బిల్లులో కనిపించదు. పేడకళ్లు ఎత్తి, గడ్డి కోసి, రెండు పూటలా పాలు పితికే ఆడమనిషి చాకిరీ పాలధరలో కనిపించదు. ఆ వరసలో అందరికన్నా కింద, నోరు లేనిది ఈ దూడ. లీటరుకు రెండు రూపాయలు పెరిగితే పట్నంలో అది వార్త. ఆ రెండు రూపాయలు పెరగకుండా ఆపినప్పుడు పల్లెలో ఎవరి కడుపు కాలుతుందో వార్త కాదు.

చట్టం ఏం చేస్తుందని ఎదురుచూడటం దండగ. 1960 నాటి జంతు క్రూరత్వ నిరోధక చట్టం పశువుకు చాలినంత తిండి పెట్టకపోవడాన్ని నేరమనే అంటుంది. మొదటిసారి అయితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. లీటరు గేదెపాల ధర కూడా కాదు.

చేయగలిగింది వేరే ఉంది. దాదాపు 90 శాతం పెయ్యలే పుట్టించగల లింగ నిర్ధారిత వీర్యం ఇప్పటికే రాయితీ మీద ఇస్తున్నారు. అది మన రెండు రాష్ట్రాల్లో ముందు గేదెలకు అందాలి. పుట్టే పోతుదూడలే తగ్గిపోతాయి. పుట్టినవాటి కోసం డెయిరీలు ముందుకు రావాలి. పశువుల చెవికి 12 అంకెల ట్యాగు ఎలాగూ ఉంది. ఈనగానే దూడను తల్లి నంబరు కింద నమోదు చేసి, మూడు నెలలు నిండాక అది బతికి, ఒళ్లు చేసి ఉంటే ఆ రైతుకు బోనస్ ఇవ్వాలి. పెయ్యకైనా పోతుకైనా ఒకటే బోనస్. ఆ పాలను విడిగా ప్యాక్ చేసి రెండు మూడు రూపాయలు ఎక్కువకు అమ్మాలి. సభ్యులైన మహిళలే యజమానులుగా నడిపే తెలంగాణలోని ముల్కనూరు లాంటి సహకార డెయిరీకి ఇలాంటి నిర్ణయం ఒక్క సర్వసభ్య సమావేశంలో తీసుకోగల వీలుంది. విజయ, సంగం, విశాఖ డెయిరీల్లో ఏ ఒక్కటి పూనుకున్నా ఒక్క మండలంలో ఏడాది నడిపి చూడవచ్చు. అదనంగా పడే ఆ మూడు రూపాయలు ఇవ్వడానికి నా ఇల్లు సిద్ధం. జున్నుపాలు మాత్రం, దూడ కడుపునిండా తాగిందని అమ్మేవాళ్లు నమ్మకంగా చెప్పగలిగేదాకా, మా ఇంటికి రావు.