కొత్త గొట్టం, పాత గొట్టం: ఆ అతుకు ఎవరి లెక్కలోది?

నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ముప్పై, నలభై ఏళ్ల నాటి ఇంటిని బాగుచేయిస్తున్నవారిని అడిగి చూడండి. టైల్స్‌కు ఎంతయిందో, కమోడ్ ఏ కంపెనీదో టక్కున చెబుతారు. కొత్త పీవీసీ మురుగు గొట్టాన్ని పాత ఇనుప, మట్టి గొట్టానికి దేనితో అతికారని అడిగితే మాత్రం మేస్త్రిని చూపిస్తారు. మేస్త్రి ప్లంబర్‌ను చూపిస్తాడు. ప్లంబర్ అప్పటికే మరో ఇంట్లో ఉంటాడు.

చిక్కు కూలి లెక్కలోనే ఉంది. పాయింటుకు ఇంత, బాత్రూముకు ఇంత అని గుత్తకు మాట్లాడుకుంటాం. పాత గొట్టాన్ని తవ్వి, కడిగి, పగుళ్లు చూసి, కొలిచి అతకడానికి ఒక పూట పడుతుంది. ఆ పూటకు గుత్తలో చోటు లేదు. అందుకే మట్టి గొట్టం మూతిలోకి కొత్తదాన్ని దూర్చి, చుట్టూ సిమెంటు మెత్తి, చీకటి పడకముందే పూడ్చేస్తారు. పనితనం లేక కాదు. మహానగరాల్లో అంతస్తులకు అంతస్తులు లేపిన పాలమూరు చేతులివి.

ఆ సిమెంటు నిలవకపోవడానికి కారణాలు తేలికగానే అర్థమవుతాయి. పీవీసీ నున్నగా ఉంటుంది, సిమెంటు దాన్ని పట్టుకోదు. పైగా ఎండకు పీవీసీ పోత ఇనుముకన్నా దాదాపు ఐదు రెట్లు ఎక్కువ సాగుతుంది. గోడ వెంట దిగే మూడు మీటర్ల గొట్టం 30 డిగ్రీల తేడాకు ఐదు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. పాలమూరు ఎండల్లో ఏటా ఈ సాగుడు, ముడుచుకోవడం తప్పవు. కొలతలదీ మరో తిరకాసు: పీవీసీకి చెప్పే 110 మిల్లీమీటర్లు బయటి కొలత, పాత గొట్టానికి చెప్పే నాలుగు అంగుళాలు లోపలి కొలత. రెండూ ఒకటే అనుకుని అతికితే లోపల అంచు మిగిలి, దాని దగ్గరే జుట్టు, గుడ్డపీలికలు ఆగుతాయి. పీవీసీ సొల్యూషన్ అనే జిగురు ఇనుముకు, మట్టికి అతకదు. రెండు కొలతలకూ సరిపోయే రబ్బరు కప్లర్‌ను స్టీలు క్లాంపులతో బిగించడమే సరైన పద్ధతి. దానికయ్యే ఖర్చు కొత్త కుళాయి ధర ముందు పెద్దదేమీ కాదు, అయినా బేరం దాని దగ్గరే మొదలవుతుంది!

వాటం, అంటే గొట్టం వాలు సంగతి సరేసరి. పది అడుగులకు రెండు మూడు అంగుళాలు దిగాలి. కొత్త బాత్రూము నేల ఎత్తు పాత చాంబర్‌ను (గొట్టాలు కలిసే మురుగు గుంటను) చూసి నిర్ణయించాలి గానీ, టైల్స్ పరిచాక కాదు.

నా మట్టుకు నేను గుత్త మాట్లాడేటప్పుడే అతుకు కూలిని విడిగా రాయించుకోమంటాను. పూడ్చేముందు కింది కొసను మూసి, గొట్టం నిండా నీళ్లు పోసి, గంటసేపు మట్టం తగ్గుతుందేమో చూడమంటాను. తరువాత అతుకు పక్కన కొలత టేపు ఉంచి ఫోనులో ఒక ఫొటో తీసుకోవాలి. పదేళ్ల తరువాత ఎక్కడ తవ్వాలో చెప్పేందుకు ఆ ప్లంబర్ ఊళ్లో ఉండకపోవచ్చు.