బరువు తగ్గిన ల్యాప్‌టాప్‌లో ఇంకేం తగ్గింది?

విశాఖ గాజువాకలో మా అక్కావాళ్ల ఇంటి కింద కిరాణా షాపు ఉంది. బియ్యం తూచే కాటా మీద మొన్న మా మేనకోడలి కాలేజీ బ్యాగు పెట్టి చూశాం. 6 కేజీల 800 గ్రాములు తూగింది. అందులో ల్యాప్‌టాప్ ఒక్కటే 2 కేజీల 300. ఇటుకలా ఉండే దాని ఛార్జరు ఇంకో 600 గ్రాములు. మిగతాదంతా క్యారేజీ, లీటరు నీళ్ల సీసా, రికార్డు పుస్తకాలు, గొడుగు. ల్యాప్‌టాప్ వాళ్ల అన్నయ్యది. వాడు ఇంజనీరింగ్ పూర్తి చేసి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక చెల్లికి ఇచ్చేశాడు.

ఆ పిల్ల రోజూ గాజువాక నుంచి మధురవాడ వైపు కాలేజీకి వెళ్తుంది. పాతిక కిలోమీటర్ల పైనే. ఎన్‌ఏడీ జంక్షన్ వచ్చేసరికి బస్సులో కాలు పెట్టే చోటుండదు. బ్యాగు వీపున ఉంటే వెనకవాళ్లు విసుక్కుంటారు, ముందుకు తగిలించుకుంటే మెడ లాగేస్తుంది. ‘మావయ్యా, బరువు తక్కువది కొనమని నాన్నకి నువ్వే చెప్పవా’ అంది. బడి సంచి పిల్లల బరువులో 10 శాతం దాటకూడదని కేంద్రం 2020లో ఒక విధానం తెచ్చింది. అది బడి వరకే. ఈ పిల్ల బరువు 48 కేజీలు. మోస్తున్నది 14 శాతం. కాలేజీలో చేరినంత మాత్రాన భుజాలు ఇనుపవి అయిపోవు కదా.

కాబట్టి నా మాట ముందే చెప్పేస్తాను. రోజూ మోసేవాళ్లకి తేలిక ల్యాప్‌టాప్ సోకు కాదు, అవసరం. సుమారు కేజీన్నర తగ్గితే ఆ తేడా సాయంత్రం ఇంటికొచ్చి పుస్తకం తెరిచే ఓపికలో కనిపిస్తుంది. అయితే బరువుతో పాటు ఇంకేం తగ్గుతున్నాయో చూడకుండా డబ్బు కట్టేస్తున్నారని నా బాధ.

తేలిక అన్నది ఒక గొలుసు, ఒకటి తగ్గితే దాని వెనకే ఇంకోటి తగ్గుతుంది. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ కాగితం కవరులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌ని తీసి చూపించినప్పుడు దాని బరువు 1.36 కేజీలు. జనం నోరెళ్లబెట్టారు. 2011లో ఇంటెల్ ‘అల్ట్రాబుక్’ అనే పేరు తెచ్చాక మిగతా కంపెనీలూ ఆ దారి పట్టాయి. ఎల్‌జీ గ్రామ్ లాంటివి కేజీ లోపుకే వచ్చేశాయి. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఉండే హెచ్ సిరీస్ ప్రాసెసర్లు (ల్యాప్‌టాప్‌కి మెదడులాంటి చిప్పులు) 45 వాట్లవైతే, తేలికవాటిలో ఎక్కువగా పెట్టిన యూ సిరీస్‌వి 15 వాట్లవి. కరెంటు తక్కువ తీసుకుంటే వేడి తక్కువ. వేడి తక్కువైతే లోపలి రాగి గొట్టాలు, ఫ్యాన్లు చిన్నవైతే చాలు. అప్పుడు ఛార్జరు కూడా అరచేతిలో ఇమిడిపోతుంది. బాడీకి అల్యూమినియం బదులు మెగ్నీషియం మిశ్రమం వాడితే మూడో వంతు బరువు అక్కడా తగ్గుతుంది. ఇందులో మోసమేమీ లేదు, మంచి ఇంజనీరింగే.

కానీ ఎక్కడో ఒకచోట హద్దు దాటుతుంది. 2015లో యాపిల్ 920 గ్రాముల మ్యాక్‌బుక్ తెచ్చింది. ఛార్జింగుకైనా, పెన్‌డ్రైవ్‌కైనా ఒకటే పోర్టు. పలచగా ఉండాలని కొత్త రకం కీబోర్డు పెట్టారు. కాస్త దుమ్ము పడితే కీలు పట్టేసేవి, లేదా ఒకసారి నొక్కితే రెండుసార్లు పడేవి. చివరికి 2018లో ఉచితంగా బాగుచేసే పథకం ప్రకటించాల్సి వచ్చింది. 2019లో ఆ మోడల్ అమ్మడమే ఆపేశారు.

ఇక మన ఇళ్ల సంగతి. ద్వారకానగర్‌లో నేను ఎప్పుడూ వెళ్లే రిపేరు షాపుకి మేనకోడలిని తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు ముందు మా పాత ల్యాప్‌టాప్ వెనక మూత విప్పాడు. గోరుతో రెండు పక్కలా క్లిప్పులు నొక్కగానే ర్యామ్ పలక, అంటే మెమరీ, టక్‌మని పైకి లేచింది. ‘ఇది తీసి ఎక్కువది వేస్తే ఇంకో మూడేళ్లు నడుస్తుందండి’ అన్నాడు. తర్వాత పక్కన బల్ల మీద రిపేరుకొచ్చిన పలచటి ల్యాప్‌టాప్ చూపించాడు. మూత తీసే ఉంది. సగానికి పైగా బ్యాటరీయే పరుచుకుని ఉంది. మిగిలిన చిన్న బోర్డు మీద నాలుగు నల్ల చుక్కల్లా మెమరీ చిప్పులు అతికించేసి ఉన్నాయి. పలక తీసి మార్చుకునే స్లాటే లేదు. కాఫీ ఒలికిందట. ఒక్క చిప్పు పోయినా బోర్డు మొత్తం మార్చాలి, ఆ ఖర్చు వింటే కొత్తది కొనుక్కుందామనిపిస్తుంది అన్నాడు.

దీన్ని కంపెనీల దురాశ అని కొట్టిపారేయలేం. తేలికవాటిలో వాడే ఎల్‌పీడీడీఆర్ రకం మెమరీ తక్కువ కరెంటుతో వేగంగా పనిచేయాలంటే ప్రాసెసర్‌కి బాగా దగ్గరగా ఉండాలి. అందుకే బోర్డుకి అతికిస్తారు. ఇంటెల్ 2024లో తెచ్చిన కొన్ని ప్రాసెసర్లలో అయితే మెమరీ ప్రాసెసర్ ప్యాకేజీలోనే కలిసిపోయింది. బ్యాటరీ ఎక్కువసేపు రావడానికి ఇదీ ఒక కారణమే. విప్పి మార్చుకునే ఎల్‌పీక్యామ్2 అనే కొత్త రకం వచ్చింది గానీ, మనం కొనే ధరల్లోకి ఇంకా దిగలేదు.

నా అభ్యంతరం వేరు. మన ఇళ్లల్లో ల్యాప్‌టాప్ ఒకరి వస్తువు కాదు. అన్న చదువు అయ్యాక చెల్లికి, చెల్లి తర్వాత తమ్ముడికి, ఆఖరికి రైల్వే టికెట్లకీ కరెంటు బిల్లులకీ నాన్నకి. ఎనిమిదేళ్లు నడవాలి. మా మేనల్లుడు ఫస్టియర్‌లో 8 జీబీతో కొన్నాడు, థర్డియర్‌లో ఇంకో 8 వేయించుకున్నాడు. అందుకే చెల్లి చేతికి వచ్చేసరికి కూడా అది పనికొచ్చింది. అతికించేసిన 8 జీబీతో తేలికది కొని ఉంటే ఈపాటికి మూలన పడేది. డబ్బు ఒక్కసారే తీయగలిగే ఇంటికి ఇది చిన్న విషయం కాదు. అందుకే మెమరీ అతికించినది కొంటే 16 జీబీకి తగ్గకుండా మొదటి రోజే తీసుకోండి. తర్వాత చూసుకుందాం అన్న మాటకి అందులో తావు లేదు.

విశాఖ గాలి గురించి కూడా చెప్పాలి. బీచ్‌కి దగ్గర్లో ఉండేవాళ్లకి కిటికీ ఊచలు ఎంత త్వరగా తుప్పు పడతాయో తెలుసు. అదే ఉప్పు తేమ ల్యాప్‌టాప్ ఫ్యాన్ లాగే గాలిలోనూ ఉంటుంది. పెదవాల్తేరు నుంచి వచ్చిందని షాపు కుర్రాడు చూపించిన బోర్డు మీద పోర్టుల దగ్గర ఆకుపచ్చ పూత కట్టి ఉంది. ఈ లెక్కన ఫ్యాన్ లేనివి మనకి మేలు. 2020 తర్వాతి మ్యాక్‌బుక్ ఎయిర్‌లు ఆ కోవలోవే. అయితే వాటిని 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని కంపెనీయే చెబుతుంది. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని మేడ గదిలో 35 దాటడం ఎంతసేపు? వేడెక్కితే అవి తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. నోట్సు రాసుకుంటే తెలియదు, గంటసేపు వీడియో ఎడిటింగ్ చేస్తే తెలుస్తుంది.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014 అక్టోబర్ 12 ఈ ఊళ్లో ఎవరూ మరిచిపోరు. మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. రెండు గంటల్లో చచ్చిపోయిన ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఆఫీసు వాళ్లకి పంపాల్సిన ఫైలు అందులోనే ఉండిపోయింది. ఇప్పటి తేలికవి చాలావరకు టైప్-సీతో ఛార్జ్ అవుతాయి. మంచి పవర్‌బ్యాంక్ ఉంటే మరో పూట లాగించవచ్చు. 200 వాట్లు మింగే గేమింగ్ మిషన్‌తో ఆ పని కాదు. తుఫాను దారిలో ఉన్న ఊరికి ఇది బరువు కన్నా పెద్ద లాభమని నా నమ్మకం.

పోర్టులు తక్కువన్నది నిజమే, సెమినార్ హాల్లో ప్రొజెక్టర్‌కి తగిలించడానికి చిన్న అడాప్టరు ఒకటి వెంట ఉండాలి. అదేమంత కష్టం కాదు. అసలు జాగ్రత్త మూత విషయంలో పడాలి. పలచటి మూత మీద బస్సు రద్దీలో స్టీలు క్యారేజీ అంచు ఒత్తుకుంటే స్క్రీన్ లోపల పగులుతుంది, పైకి గీత కూడా కనిపించదు. షాపులో మూత వెనక బొటనవేలితో మెల్లగా నొక్కి, తెర మీద అలలా మచ్చ వస్తోందేమో చూడండి.

ఎవరు కొనకూడదో కూడా చెప్పాలి. ఇంట్లో బల్ల మీదే ఉండిపోయే మిషన్‌కి బరువు తక్కువని ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. మెకానికల్, సివిల్, ఆర్కిటెక్చర్ పిల్లలు సాలిడ్‌వర్క్స్, యాన్సిస్, రెవిట్ లాంటి బరువైన డిజైన్ సాఫ్ట్‌వేర్లు గంటలకొద్దీ నడపాలంటే తేలికవాటికి ఊపిరి ఆడదు. హాస్టల్లో ఉండి చదివేవాళ్లకి మోసే దూరమే లేదు, బరువైనది నిశ్చింతగా తీసుకోవచ్చు. రుషికొండ కొండల మీద ఆఫీసులకి బైక్ మీద వెళ్లి కోడ్ రాసేవాళ్లకి, క్లాసు క్లాసుకీ తిరిగే లెక్చరర్లకి మాత్రం తేలికదే సరి.

మధ్యే మార్గం ఒకటి ఉంది, షాపులో అడిగితే తప్ప చూపించరు. బిజినెస్ సిరీస్ అని అమ్మే 14 అంగుళాల వాటిలో కొన్నిట్లో కనీసం ఒక ర్యామ్ స్లాటు ఉంటుంది. బరువు కేజీన్నర లోపే. చూడ్డానికి ముచ్చటగా ఉండవు, అంతే. పెట్టె మీద ఎల్‌పీడీడీఆర్ అని ఉంటే అతికించిందనే అనుకోండి. వట్టి డీడీఆర్5 అని ఉంటే స్లాటు ఎన్ని, ఖాళీ ఎన్ని అని తప్పకుండా అడగండి. బరువు అడిగినప్పుడు ఛార్జరుతో కలిపి చెప్పమనండి.

మా పిల్లది ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్. ద్వారకానగర్‌లో మూడు షాపులు తిరిగాం. వెండి రంగు పలచటిది ఒకటి చేతిలోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు. మా బావకి ధర చూసి టెన్షన్, నాకు స్లాటు లేదని. ఆఖరికి 1 కేజీ 420 గ్రాముల నల్లది తీశారు. 16 జీబీ ఉంది, వెనక స్లాటు ఒకటి ఖాళీ. ‘ఇది తర్వాత తమ్ముడిది’ అని అక్కడే అనేసింది మా అక్క. వాడిప్పుడు తొమ్మిదో తరగతి. ఇంటికొచ్చాక బ్యాగు మళ్లీ కింద షాపు కాటా మీద పెట్టాం. 5 కేజీల 600. ఇంకా ఎక్కువే. నీళ్ల సీసా అర లీటరుది చాలంటోంది తను.